కూత మారిన కబడ్డీ

ఆటల టీచరంటే మా బడిలో గంట కొట్టే మనిషికి కొంచెం ఎక్కువ, లెక్కల టీచరుకు చాలా తక్కువ. ప్రార్థనలో పిల్లల్ని వరసగా నిలబెట్టడం, మధ్యాహ్నం అన్నాల దగ్గర తోపులాట జరగకుండా చూడటం, ఎవరికైనా కళ్ళు తిరిగితే దవాఖానకు తీసుకెళ్ళడం నా పని. ఆటల పీరియడ్ రాగానే ఎవరో ఒక టీచరు, 'సిలబస్ మిగిలింది మేడం, ఈ ఒక్క రోజుకు ఇవ్వండి' అని తీసుకునేవారు. ఆ ఒక్క రోజు ఏడాది పొడవునా ఉండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి మొదట్లో పోట్లాడేదాన్ని. తర్వాత పోట్లాడి పోట్లాడి నాకే విసుగొచ్చింది.

అసలు ఈ పనికి నేను ఇష్టపడి రాలేదు. మాది కొత్తగూడ వైపు, అడవి అంచున చిన్న ఊరు. పాఠాలు చెప్పే టీచరు కావాలని ఉండేది. ఆ చదువులో సీటు రాలేదు, వ్యాయామ విద్యలో వచ్చింది. "ఏందైతేంది బిడ్డా, పాఠం జెప్పినా జీతమే, ఈల ఊదినా జీతమే" అన్నాడు మా నాయిన. అట్లా ఈల మెడలో వేసుకుని జనగామలో ఉద్యోగానికి చేరాను. చాలా ఏళ్ళ వరకు ఆ ఈల నాకు బరువుగానే ఉండేది.

ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో, రేగొండ దగ్గరి ఒక బడిలో పని చేస్తున్నాను. మోకాళ్ళు నొస్తున్నా పొద్దున్నే గ్రౌండుకు వెళ్తుంటే, కొత్తగా చేరిన పిల్ల టీచర్లు ఎందుకింత ఆరాటమని అడుగుతుంటారు. వాళ్ళకు నిలబడి చెప్పేంత ఓపిక నాకు లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

జనగామ బడిలో నాకు ఒక ఆడపిల్లల కబడ్డీ జట్టు ఉండేది. జట్టు అని గొప్పకు అంటున్నాను గానీ, ఎవరికి ఇంట్లో పని లేకపోతే వాళ్ళు వచ్చేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సులో వచ్చేవాళ్ళు కొందరు, మార్కెట్ యార్డు వెనక గల్లీల్లోని హమాలీల పిల్లలు కొందరు. అందరిలోకీ బాగా ఆడే పిల్ల మాత్రం ఆట గీతలకు బయట కూర్చుని పాయింట్లు లెక్కపెట్టేది. ఆ పిల్ల వాళ్ళ నాయిన మార్కెట్ దగ్గర గోనె సంచులు, తాళ్ళు, సుతిలి దారం అమ్మే వ్యాపారి. ఊళ్ళో అందరూ ఆయన్ను సేటు అనేవాళ్ళు. ఆ పిల్లను సేటు బిడ్డ అనేవాళ్ళు.

ఎనిమిదో తరగతి దాకా సేటు బిడ్డ కూతకు వెళ్ళిందంటే ఉత్త చేతులతో తిరిగొచ్చేది కాదు. కబడ్డీలో అవతలి సగంలోకి వెళ్ళే మనిషి ఒకే ఊపిరి మీద 'కబడ్డీ, కబడ్డీ' అంటూ ఉండాలి కదా, దాన్నే మేము కూత అంటాం. సన్నగా ఉండే ఆ పిల్లకు అంత ఊపిరి ఎక్కడ దాగుందో నాకు అర్థమయ్యేది కాదు. తొమ్మిదిలోకి రాగానే సేటు ఆట మాన్పించాడు. నేను దుకాణానికి వెళ్ళి అడిగితే మర్యాదగా స్టూలు వేసి, చాయ్ తెప్పించి, ఆ తర్వాత కాదన్నాడు.

"నలుగురు వచ్చిపోయే దుకాణం మేడం మాది. ఎదిగిన పిల్ల నేల మీద పడి లేస్తుంటె ఏం బాగుంటది?"

చాయ్ తాగాక మనిషిని తిట్టడం కష్టం. అదీ ఆయన తెలివి.

తర్వాత తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బడికి తాళం పడింది. బస్సులు ఆగిపోయాయి, దుకాణాల షట్టర్లు దిగాయి. నేనూ సమ్మెలోనే ఉన్నాను. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు పోయే రోడ్డు మీద, మా చౌరస్తాలో టెంటు వేశారు. వకీళ్ళు, వ్యాపారులు, టీచర్లు వంతులవారీగా దీక్షలో కూర్చునేవాళ్ళు. రోడ్డును ఖాళీగా ఉంచకూడదని ఒక రోజు రోడ్డు మీదే వంట చేసి తిన్నారు, ఒక రోజు ఆడవాళ్ళు బతుకమ్మ ఆడారు. ఒకనాడు కమిటీ వాళ్ళు నా దగ్గరకు వచ్చి, పిల్లలతో రోడ్డు మీద కబడ్డీ ఆడించమన్నారు.

నా ఉద్యోగంలో నన్ను వెతుక్కుంటూ వచ్చి ఒక ఆట అడగడం అదే మొదటిసారి. ఉబ్బిపోయి ముందూవెనకా చూడకుండా సరేనన్నాను. ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చింది, అది తారు రోడ్డు అని. తారు మీద కబడ్డీ ఆడితే పిల్లల మోకాళ్ళకు తోలు మిగలదు. పొద్దున్నే వెళ్ళి ఆ మాట చెబితే, టెంటు దగ్గరున్న హమాలీ అన్నలు నవ్వారు.

"గదెంత పని మేడం? మీరు జర ఆగుండ్రి."

రైస్ మిల్లు నుంచి ఊక తెచ్చి రోడ్డు మీద పోశారు. గోనె సంచులు విప్పదీసి, దబ్బనాలతో సుతిలి పెట్టి ఒకదానికొకటి కుట్టి, ఊక మీద పరిచారు. రోడ్డుకు అడ్డంగా ఇల్లంత పరుపులాంటి పట్టా తయారైంది. సంచులు ఇచ్చింది మన సేటే, ఉద్యమం కోసమని. వాటి మీద ఎవరు దూకబోతున్నారో అప్పటికి ఆయనకు తెలియదు.

ఆ రోజు బస్సులు లేక ఊళ్ళ పిల్లల్లో ఒకమ్మాయి రాలేకపోయింది, ఆ తర్వాత కూడా మళ్ళీ ఆటకు రాలేదు. ఒక జట్టుకు ఏడుగురు కావాలి, నా దగ్గర ఆరుగురే ఉన్నారు. ఎదురు జట్టు కాలేజీ పిల్లలు. సేటు టెంట్లో వ్యాపారుల వరసలో కూర్చున్నాడు. ఆయన బిడ్డ ఆడవాళ్ళ మధ్య నిలబడి నా వైపు చూస్తోంది. నేను నేరుగా మైకు దగ్గరకు వెళ్ళి, మాకు ఒకరు తక్కువయ్యారని, సేటు గారి బిడ్డను పంపితే ఆట మొదలవుతుందని చెప్పాను. టెంటు టెంటంతా ఆయన వైపు తిరిగింది. తెలంగాణ కోసమని కూర్చున్న మనిషి, తెలంగాణ కోసం ఆడే ఆటకు బిడ్డను పంపనని నలుగురిలో ఎట్లా అంటాడు? మింగలేక కక్కలేక తల ఊపాడు. అది మోసం కదా అంటే కావచ్చు. నాకు మాత్రం ఈనాటికీ ఆ పని తలుచుకుంటే హుషారుగానే ఉంటుంది.

ఆట మొదలయ్యేముందు కమిటీ పెద్దమనిషి ఒకాయన ఇంకో ముచ్చట చెప్పాడు. "కబడ్డీ కబడ్డీ అనుడు రోజూ ఉన్నదే. ఇయ్యాల కూతకు పోయినోళ్ళు జై తెలంగాణ అనాలె." జనం చప్పట్లు కొట్టారు. సేటు బిడ్డ చున్నీ నడుముకు చుట్టి గీత ముట్టి మొక్కి, 'జై తెలంగాణ, జై తెలంగాణ' అంటూ అవతలికి పోయింది. రోడ్డుకు రెండు పక్కలా ఉన్న జనం ఆమెతోపాటే అనడం మొదలుపెట్టారు. ఇద్దర్ని ముట్టి, మూడో అమ్మాయి చేతిలోంచి చేపపిల్లలా జారి ఇవతలికి వచ్చి పడింది. సేటు కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడ్డాడు. చప్పట్లు కొట్టలేదు గానీ, కూర్చోవడం కూడా మరిచిపోయాడు.

సాయంత్రం బజారంతా ఆయన్ను పలకరించింది. "ఏం బిడ్డను గన్నవు సేటూ!" అని ఒకరు, "పులి ఉన్నది నీ ఇంట్ల" అని ఒకరు. ఆయన నా దగ్గరకు వచ్చి, ఎటో చూస్తూ చెప్పాడు.

"సమ్మె అయిపోయే దాక ఆడనియ్యుండ్రి. తర్వాత ఆటలపోటీలుంటయట గదా, గందుకు గూడ తోల్కపోండ్రి. నేను గూడ వస్త. గదే ఆఖరు. గా తర్వాత నన్ను అడుగద్దు మేడం."

ఆఖరు సంగతి అప్పుడు చూసుకుందాంలే అనుకున్నాను. వారాల తరబడి ఆ గోనె పట్టా మీదే మా జట్టు పొద్దున సాధన చేసింది, సాయంత్రం జనం ముందు అదే 'జై తెలంగాణ' కూతతో ఆడింది. బడి తెరిచి ఉంటే నాకు అన్ని గంటలు ఎవరిచ్చేవారు? పిల్లలకు ఒకరి అడుగు ఒకరికి తెలిసిపోయింది. ఎవరు ఎడమకు ఒరుగుతారో, ఎవరు భయపడితే పెదవి కొరుక్కుంటారో నాకు తెలిసింది. సేటు బిడ్డకు నవ్వు ఆగేది కాదు, నవ్వితే కూత తెగిపోతుంది. అందుకని అవతలి జట్టు నవ్వించినా నవ్వకుండా ఉండటం నేర్పడానికి నేను కోతి వేషాలన్నీ వేశాను. పొద్దున్నే లేవగానే ఆ పిల్లల ముఖాలు గుర్తొచ్చేవి. ఈల వెతుక్కుని మరీ మెడలో వేసుకునేదాన్ని. నేను ఎందుకు పనికొస్తానో నాకు ఆ రోడ్డు మీద తెలిసింది, అందుకు ఆ రోజులకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

సమ్మె ముగిసింది, బడులు తెరిచారు. పోటీలు మహబూబాబాద్‌లో పెట్టారు. మా వైపు వాళ్ళం దాన్ని మానుకోట అనే అంటాం. పిల్లలతో, సేటుతో ప్యాసింజర్ బండెక్కి వెళ్ళాను. కొత్తగూడ నుంచి మా నాయిన సద్ది కట్టుకుని చూడటానికి వచ్చాడు. బిడ్డ ఈల ఊదడం ఆయన చూడటం అదే మొదలు.

మొదటి ఆటలు అవలీలగా గెలిచారు. చివరి ఆటలో రెండు జట్లూ సమానంగా ఉండగా సమయం అయిపోవచ్చింది. ఆఖరి కూత మాది. సేటు బిడ్డను పంపాను. ఒక్కరిని ముట్టి వస్తే చాలు. 'కబడ్డీ, కబడ్డీ' అంటూ బాగానే వెళ్ళింది. అవతలి వాళ్ళు చుట్టూ కమ్ముకునేసరికి గాభరాలో రోడ్డు మీద అలవాటైన మాటే నోటికి వచ్చేసింది. 'జై తెలంగాణ, జై తెలంగాణ' అంటూ ఒకమ్మాయిని ముట్టి గీత దాటి వచ్చింది. గ్రౌండ్ చుట్టూ ఉన్న జనం ఆనందంతో అరిచారు. మా పిల్లలు ఎగిరి గంతులేశారు.

రెఫరీ మాత్రం ఈల ఊది, చేయి అవతలి జట్టు వైపు చూపించాడు. కూత తప్పింది కాబట్టి ముట్టినది చెల్లదు, అవతలి వాళ్ళకే ఒక పాయింట్. ఆట అక్కడితో అయిపోయింది, ఒక్క పాయింట్ తేడాతో మేము ఓడిపోయాం.

నేను ఊరుకుంటానా? ఆయన మీదికి వెళ్ళాను. ఆయన కూడా మాతోపాటు సమ్మె చేసిన ఆటల టీచరే. నా అరుపులన్నీ అయ్యేదాకా ఆగి, మెల్లగా చెప్పాడు.

"నేను గూడ రోజుకు వందసార్లు అన్న మాటనే అక్కా అది. కానీ ఆటల కూత కబడ్డీనే. నీ పిల్లకు నువ్వు జెప్పాలె గదా."

చెప్పాలి. వారాల తరబడి ఆ కూత వింటూ చప్పట్లు కొట్టిన నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఇట్లాంటి తప్పు దేశంలో మరే జట్టూ చేసి ఉండదని తర్వాత నవ్వుకున్నాం గానీ, ఆ పూట ఎవరికీ నవ్వు రాలేదు. సేటు బిడ్డ ఎవరి దగ్గరా నిలబడకుండా గ్రౌండ్ మూలకు వెళ్ళి, గోడ వైపు తిరిగి కూర్చుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. మేము దగ్గరకు వెళ్తే కొంగలా మెడ వంచుకుని ఇంకా ముడుచుకుంది. బండిలో కూడా చున్నీ ముఖం మీద కప్పుకుని కిటికీ పక్కన ఉండిపోయింది. ఎదురుగా కూర్చున్న సేటు జనగామ వచ్చేదాకా బిడ్డనే చూస్తూ ఉన్నాడు. స్టేషన్లో దిగాక ఒక్క మాట అన్నాడు.

"అయిపోయింది మేడం. ఇగ అడుగద్దు."

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈ పిల్ల నడిరోడ్డు మీద గెలిచి ఇంట్లో ఓడిపోయింది.

మర్నాటి నుంచి బడికి వచ్చేది గానీ గ్రౌండ్ వైపు చూసేది కాదు. ఒకరోజు వరండాలో ఆపి అడిగాను. "మా బాపు వద్దన్నడు మేడం" అని, "నాకు గూడ మొఖం చెల్లతలేదు" అంది. దుకాణానికి వెళ్ళాను. ఈసారి చాయ్ తాగకుండానే మాట్లాడాను, అయినా పని జరగలేదు. ఆ చిరాకుతోనే గ్రౌండుకు వచ్చి, "ఆమె ఇక రాదు. కూతకు ఇంకో రైడర్‌ను తయారు చేసుకుందాం" అని మిగతా పిల్లలకు చెప్పేశాను. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారంతే.

ఆదివారం పొద్దున గ్రౌండుకు వెళ్తే పిట్ట కూడా లేదు. ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు. జట్టు చెదిరిపోయిందనుకున్నాను. అప్పుడే ఒక హమాలీ అన్న సైకిల్ మీద వచ్చాడు.

"మేడం, జల్ది రాండ్రి. మీ పోరగాండ్లు సేటు దుకాణం ముంగట దీక్షకు కూసున్నరు!"

పరుగెత్తాను. షట్టరు ముందు, పాత చీరను నాలుగు కర్రలకు కట్టి టెంటు వేశారు. కింద గోనె సంచి పరిచి ఆరుగురూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. మెడలో అట్టముక్కల మీద 'మా రైడర్ మాకు కావాలె' అని రాసి ఉంది. దుకాణానికి వచ్చిన రైతులు, హమాలీలు, చాయ్ బండి వాళ్ళు చుట్టూ మూగారు. సేటు మెట్ల మీద నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. నన్ను చూడగానే మండిపడ్డాడు.

"ఏంది మేడం గిది? ఇదేనా మీరు నేర్పిచ్చింది?"

"నేను కబడ్డీ ఒక్కటే నేర్పిన సేటూ. దీక్ష మాత్రం మీ టెంట్ల మిమ్మల్ని జూసే నేర్చుకున్నరు."

జనం గొల్లున నవ్వారు. ఆయన విసురుగా లోపలికి వెళ్ళిపోయాడు. నాకు లోపల భయంగానే ఉంది. ఊరి వ్యాపారితో పిల్లలకు తగువు ఎందుకని, లెమ్మని మందలించాను. లేవలేదు. నా కోపానికి రోజూ గడగడలాడే పిల్లలు ఆ రోజు కదల్లేదు. అందరిలోకీ పొట్టిది, హమాలీ బిడ్డ, నా వైపు చూసి చెప్పింది.

"ఆటల ఔటైనోళ్ళు ఊకెనే లోపలికి వస్తరా మేడం? జట్టు పాయింట్ తెస్తెనే వస్తరు. మీరే జెప్పిండ్రు గద."

నిజమే, కబడ్డీలో ఔటైన మనిషి బయట కూర్చుంటుంది. తన జట్టు అవతలి వాళ్ళను ఔట్ చేసినప్పుడు మళ్ళీ లోపలికి వస్తుంది. తనంతట తాను రాలేదు. ఆ నియమం ఎన్ని వందలసార్లు వల్లించానో. వాళ్ళు దాన్ని ఇట్లా అర్థం చేసుకున్నారని నాకు తెలియదు. ఇంకో రైడర్‌ను తయారు చేసుకుందామన్నది నేనే. చెప్పులు విడిచి వాళ్ళ పక్కన కూర్చున్నాను. కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఎండకు అని చెప్పాను గానీ ఎండకు కాదు. ఇంతమంచి పిల్లలు నా చేతికి దొరికారే అని.

ఎండ ముదిరింది. దారినపోయే ఒక అవ్వ జామకాయలు ఇవ్వబోతే, దీక్షలో తినకూడదని పిల్లలు వద్దన్నారు. నా పేగులు అరుస్తున్నాయి గానీ వాళ్ళ ముందు పరువు పోతుందని ఊరుకున్నాను. దుకాణం వెనకే సేటు ఇల్లు. లోపల నుంచి మాటలు గట్టిగా వినపడ్డాయి, తర్వాత మెత్తబడ్డాయి, తర్వాత ఏమీ వినపడలేదు.

పొద్దు తిరిగాక తలుపు తెరుచుకుంది. ముందు సేటు, వెనక పళ్ళెంలో స్టీలు గ్లాసులతో ఆయన బిడ్డ. గ్లాసుల్లో నిమ్మరసం. ఆ రోజుల్లో దీక్ష ఎవరు చేసినా, ఒప్పుకున్న పెద్దమనిషి తన చేత్తో నిమ్మరసం ఇచ్చి విరమింపజేయడం ఆనవాయితీ. ఊరందరికీ తెలిసిన ఆనవాయితీ కాబట్టి జనమంతా ముందుకు జరిగారు. సేటు వంగి మొదటి గ్లాసు పొట్టి పిల్లకు అందించాడు. అది చేయి చాపలేదు.

"డిమాండ్ ఒప్పుకున్నట్టేనా సేటూ?"

"తాగవే తల్లీ. రేపు పొద్దుగాల గ్రౌండుకు నేనే తోల్కొస్త."

ఆరుగురూ ఒక్కసారి లేచి సేటు బిడ్డ మీద పడ్డారు. పళ్ళెం కింద పడకుండా హమాలీ అన్న పట్టుకున్నాడు. ఆ పిల్ల మళ్ళీ ఏడుస్తోంది, కాని ఈసారి గోడ వైపు తిరగలేదు. ఏడుపు మధ్యలో నవ్వు, నవ్వు మధ్యలో ఏడుపు, ఎవరి చేతులు ఎవరి మెడ చుట్టూ ఉన్నాయో తెలియకుండా ఉన్నారు.

సేటు చివరి గ్లాసు తెచ్చి నాకిచ్చి, మెట్టు మీద నా పక్కనే కూర్చున్నాడు. పిల్లల వైపే చూస్తూ, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"ఓడినందుకు బంద్ జెయ్యలేదు మేడం. మానుకోటల మూలకు ఒక్కతే కూసోని ఏడుస్తుంటె, నాకు జూడబుద్ధి గాలె. అది ఏడిస్తె పట్టుకునేటోళ్ళు ఇంతమంది ఉన్నరని నాకు తెల్వది."